డాక్టరు చదివిన బిడ్డ పరిశోధన చేస్తానంటే



డాక్టరు చదువు ముగించిన కుమారుడో కుమార్తెయో ఒకనాడు భోజనముల దగ్గర "నాన్నా, నేను రోగులను చూస్తూనే పరిశోధన కూడా చేయాలనుకుంటున్నాను" అంటే ఆ ఇంట ఏమి జరుగుతుందో మన సంఘములలో కొందరికి బాగా తెలుసు. "ఇంకా ఎన్నాళ్లు చదువుతావురా?" అని తల్లి అడుగుతుంది. తండ్రి ఏమీ అనడు. ఆయన మనస్సులో బ్యాంకు అప్పు, వడ్డీ, పెళ్లికి ఎదిగిన చెల్లెలు, ఇవన్నీ ఒకేసారి మెదులుతాయి. "అయ్యగారండి, పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి చదివించామండి. ఇప్పుడేమో ఎలుకల మీద పరీక్షలు చేస్తానంటున్నాడండి. మీరైనా కాస్త చెప్పండి" అని కాపరుల యొద్దకు వచ్చే తలిదండ్రులు మా కోరుకొండ ప్రాంతములోను ఉన్నారు, రాజమండ్రి పట్టణములోను ఉన్నారు.

ఇటువంటి ఇంటిలో తప్పు ఎవరిదని వెదకుట మాకిష్టము లేదు. ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర సంవత్సరములు, ఆపైన హౌస్ సర్జన్సీ ఒక సంవత్సరము, తరువాత పి.జి. సీటు కొరకు పరీక్ష, సీటు వస్తే మరి మూడు సంవత్సరములు. ఇన్నేళ్లు కాచుకొన్న తలిదండ్రుల ఆందోళన న్యాయమైనదే. బిడ్డ కోరిక కూడా న్యాయమైనదే. కాబట్టి ఈ నెల మన శీర్షికలో, వైద్యము నేర్చుకొంటూ పరిశోధన చేయుట అంటే ఏమిటో, దాని వలన ఎవరికి మేలు కలుగుతుందో, అందుకు ఎంత వెల చెల్లించవలసి వస్తుందో నిదానముగా ఆలోచించుదము.

మన ఇంట ఉన్న మూడు మందులు

ముందుగా మీ ఇంటి మందుల డబ్బా ఒకసారి చూడండి. మన గోదావరి జిల్లాలలో బోదకాలు వ్యాధి ఎంత పాతదో పెద్దలకు తెలుసు. మురుగునీటిలో పెరిగే దోమ ద్వారా వచ్చే ఈ వ్యాధిని నిర్మూలించుటకు 2004 నుండి మన దేశములో సామూహికముగా మందులు మ్రింగించే కార్యక్రమము నడుచుచున్నది. అందులో ఇచ్చే డి.ఇ.సి. మాత్ర ఒకటి. గర్భవతులకు ఆశా కార్యకర్త ఇచ్చే మాత్రలో ఇనుముతో పాటు ఉండే ఫోలిక్ ఆమ్లము రెండవది. కొన్ని క్యాన్సర్లకు, కీళ్లవాతమునకు వైద్యులు వ్రాసే మెథోట్రెక్సేట్ మూడవది.

ఈ మూడింటి వెనుక ఉన్న పరిశోధనను నడిపించినవాడు భీమవరములో పుట్టిన మన తెలుగువాడే. ఆయన పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. మన పిల్లలలో చాలామందికి ఈ పేరు పోటీ పరీక్షలో ఒక ప్రశ్నగానే తెలుసు గనుక ఆయన చరిత్రను కొంచెము వివరముగా చెప్పుకొందము.

రెండు మరణములు, ఒక ప్రశ్న

సుబ్బారావు గారు 1895 జనవరి 12న జన్మించారు. రాజమండ్రిలో బడికి వెళ్లారు. ఆ బడి చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసులో ఉత్తీర్ణులైనారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. ఆ దినములలోనే ఆయన సోదరులిద్దరు కొద్ది దినముల తేడాతో స్ప్రూ అనే వ్యాధి వలన మరణించారు. ఈ వ్యాధిలో ప్రేగులు ఆహారమును గ్రహించలేవు. రోగి తిన్నా కృశించిపోతాడు, రక్తము పలుచబడుతుంది. వైద్యము చదువుతున్నవాని కళ్లయెదుట, అతని ఇంటిలోనే, అప్పటి వైద్యశాస్త్రము నిస్సహాయముగా నిలిచిపోయింది.

స్వాతంత్ర్యోద్యమ కాలమది. ఆయన ఆపరేషను గదికి ఖద్దరు దుస్తులు ధరించి వెళ్లారు. శస్త్రవైద్యము బోధించే ఆచార్యునికి అది నచ్చలేదు. వ్రాతపరీక్షలు బాగుగా వ్రాసినప్పటికి ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే వచ్చింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమునకు ప్రయత్నించారు, అది దొరకలేదు. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రము బోధించే పనిలో కుదిరారు. ఆ మందులు ఎట్లు పనిచేయుచున్నవో శాస్త్రీయముగా తెలుసుకోవలెనని అక్కడనే పరిశోధన మొదలుపెట్టారు. ఈ దినములలో సీటు రాని, ఉద్యోగము రాని యౌవన వైద్యులు ఈ భాగమును రెండుమార్లు చదవవలెనని మా కోరిక.

తరువాత 1920ల తొలి సంవత్సరములలో ఆయన ఉష్ణమండల వ్యాధుల వైద్యము చదువుటకు అమెరికాలోని బోస్టన్ నగరమునకు, హార్వర్డ్ విశ్వవిద్యాలయమునకు వెళ్లారు. మామగారు ధనసహాయము చేశారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఆదుకొంటానని మాట ఇచ్చింది. ఒక పట్టణములోని ధర్మనిధి ఒక యువ వైద్యుని ప్రశ్నకు అండగా నిలిచిన సంగతిని మన సంఘపెద్దలు గుర్తుంచుకోవలెను. దీని గురించి చివరలో మరల చెప్పెదము.

పక్క పాత్రలు కడిగిన వైద్యుడు

అమెరికాలో ఆయనకు వైద్యుడుగా పని చేసే అవకాశము దొరకలేదు. పొట్టగడుపుకొనుటకు ఆసుపత్రిలో రాత్రివేళ నౌకరుగా, రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచే పనికి కుదిరారు. చదివిన చదువు వైద్యము, చేసిన పని అది. పగలు తరగతులు, ప్రయోగశాల.

ఆ ప్రయోగశాలలోనే సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి, రక్తములోను మూత్రములోను భాస్వరము ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని కనిపెట్టి 1925లో ప్రకటించారు. ఫిస్కే, సుబ్బారావు పద్ధతి అను పేరుతో అది ప్రపంచమంతటి ప్రయోగశాలలకు చేరింది. కొలత చేతికి వచ్చిన తరువాత, కండరము పనిచేయునప్పుడు శక్తి ఎక్కడి నుండి వస్తుందో వెదికారు. ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి. అను పదార్థములను కండరములో గుర్తించారు. నేడు మన పిల్లలు పదవ తరగతి జీవశాస్త్రములో ఎ.టి.పి.ని గురించి చదువుచున్నారు. ఆయన పిహెచ్.డి. 1930లో వచ్చింది. హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగము మాత్రము రాలేదు. 1940లో లెడర్లీ అను మందుల కంపెనీకి వెళ్లి, అక్కడ పరిశోధనకు అధిపతి అయినారు.

అక్కడ ఆయన బృందము చేసిన పని చూడండి. లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు బొంబాయిలో మిల్లు కార్మికులైన గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు నుండి తయారైన మార్మైట్ అను పదార్థముతో అది నయమగుచున్నదని 1931లో ప్రకటించింది. దానిలో మేలుచేసే పదార్థమే తరువాత ఫోలిక్ ఆమ్లముగా తేలింది. సుబ్బారావు గారి బృందము 1945లో దానిని ప్రయోగశాలలో తయారుచేయగలిగింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు కూడ అది పనికివచ్చింది. సోదరుల మరణముతో పుట్టిన ప్రశ్నకు ఇరువదియేండ్లకు పైగా గడిచిన తరువాత ఈ విధముగా జవాబు దొరికింది.

దాని నుండే మరియొకటి వచ్చింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరుతో చనిపోవుచున్న పసిపిల్లలను చూచుచుండెను. ఫోలిక్ ఆమ్లము ఇస్తే వారి వ్యాధి పెరుగుచున్నట్లు ఆయనకు తోచింది. అట్లయితే ఆ ఆమ్లమును అడ్డగించే పదార్థము ఇచ్చి చూడవలెనని తలంచాడు. లెడర్లీ ప్రయోగశాల దానిని తయారుచేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితములలో పదహారుమంది పిల్లలలో పదిమందికి కొంతకాలము ఉపశమనము కలిగింది. అది తాత్కాలికమే అయినను, అంతకుముందు ఆ మాత్రము కూడ ఎవరును చూడలేదు. మెథోట్రెక్సేట్ ఆ కోవలోని మందే. బోదకాలుకు వాడే డి.ఇ.సి. కూడ 1947లో ఆ ప్రయోగశాల నుండే వచ్చింది.

ఇందులో మన యౌవనస్థులు గమనించవలసినది ఒకటి కలదు. ఫార్బర్ ఆసుపత్రిలో ఉండి చూచిన దానిని సుబ్బారావు గారి బృందము ప్రయోగశాలలో మందుగా మార్చింది. మంచము దగ్గర చూచిన కన్ను, బల్ల దగ్గర పనిచేసిన చెయ్యి, ఈ రెండును కలిసినప్పుడే ఆ పిల్లలకు మందు వచ్చింది. ఒకే మనిషికి రెండింటి భాష తెలిసియుంటే ఆ కలయిక మరింత సులువగును. వైద్యము చదివినవారే పరిశోధన కూడ నేర్చుకోవలెనని పెద్దలు చెప్పుటకు కారణమిదే.

ఆ ఇంటివారు చెల్లించిన వెల

అయితే మనది కుటుంబ పత్రిక. ఘనకార్యములు మాత్రమే చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. సుబ్బారావు గారు మరల స్వదేశమునకు రాలేదు. ఆయన భార్య శేషగిరి గారు ఇక్కడనే ఉండిపోయారు. వారి కుమారుడు పసితనములోనే చనిపోయాడు. భార్యాభర్తలు మరల ఒకరినొకరు చూచుకొనలేదు. 1948 ఆగస్టులో, తన యాబది మూడవయేట, ఆయన అమెరికాలోనే మరణించారు. ఆయన మందులతో బ్రతికినవారు లెక్కలేనంతమంది. ఆయన కొరకు ఎదురుచూచిన ఇల్లు మాత్రము ఎదురుచూస్తూనే ఉండిపోయింది.

ఆయనను తప్పుపట్టుటకు ఈ మాట వ్రాయుట లేదు. ఆ దినములలో ఓడ ప్రయాణమునకు వారముల తరబడి పట్టేది. ఆయన చేతిలో డబ్బు లేదు, ఉద్యోగము స్థిరము కాదు. కాని "పరిశోధన చేస్తాను" అని బిడ్డ అన్నప్పుడు తల్లి గుండెలో పుట్టే భయమునకు ఆధారము లేదని ఎవరును అనకూడదు. ఆ భయమును తీసిపారవేయక, ఇంటివారందరు కలిసి కూర్చుండి మాటలాడుకొనవలెను.

వేలూరులో రెండు పనులు ఒకచోటనే

ఇల్లు విడువకుండ, రోగిని విడువకుండ ఈ రెండు పనులును చేయుట సాధ్యమేనా? సాధ్యమేనని చూపించినవారు ఉన్నారు. మన ప్రాంతపు రోగులు అనేకులు రైలెక్కి వెళ్లే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో పాల్ బ్రాండ్ అను యువ సర్జన్ వచ్చాడు. ఆయన తలిదండ్రులు తమిళనాడు కొండలలో సేవచేసిన మిషనరీలు. ఆయన పుట్టినది కూడ ఆ కొండలలోనే. మరుసటి యేడు చెంగల్పట్టులోని కుష్ఠురోగుల ఆశ్రమమును చూచుటకు వెళ్లినప్పుడు, గోళ్లవలె వంగిపోయిన చేతులను చూచాడు. ఎముకల సర్జన్లు ఎవరును ఈ చేతులను ఎందుకు పరీక్షించలేదని ఆయనకు ప్రశ్న పుట్టింది.

ఆయన ఏమి చేశాడు? వెంటనే కత్తి పట్టలేదు. రోగుల చేతులను ఒక్కొక్కటిగా పరీక్షించి, ఏ కండరము చచ్చుబడినదో, ఏది బాగున్నదో వ్రాయించి పెట్టాడు. అట్లు వ్రాయగా వ్రాయగా ఒక క్రమము కనబడింది. కొన్ని కండరములు దాదాపు అందరిలోను బాగుగానే ఉన్నవి. బాగున్న కండరపు నరమును చచ్చుబడిన చోటికి మార్చి కట్టితే చెయ్యి తెరుచుకొనునని తలంచి, 1948 నుండి ఆ శస్త్రచికిత్సలు మొదలుపెట్టాడు.

కుష్ఠురోగుల వ్రేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోవునని అంతవరకు చాలామంది నమ్మేవారు. బ్రాండ్ ఆ వ్రేళ్ల గాయములను రోజురోజూ వెంబడించి చూచాడు. తుప్పుపట్టిన తాళమును బలముగా త్రిప్పిన బాలుని వ్రేలు ఎముక కనబడునంతగా తెగినను వానికి తెలియలేదు. కొందరి వ్రేళ్లను రాత్రివేళ ఎలుకలు కొరికినవి, నిద్రలో వారికి తెలియలేదు. నొప్పి తెలియకపోవుటయే అసలు కారణమని తేలింది. అప్పుడు పరిష్కారము మందుల షాపులో దొరికేది కాదని అర్థమైంది. పని చేయునప్పుడు చేతికి రక్షణ, కాలికి మెత్తని చెప్పులు, ప్రతి సాయంకాలము గాయముల తనిఖీ, రాత్రి పడక దగ్గర ఒక పిల్లి. ఆసుపత్రి పనిలోనే పరిశోధన, పరిశోధనలోనే ఆసుపత్రి పని.

ఆయన భార్య మార్గరెట్ బ్రాండ్ కూడ వైద్యురాలే. కంటి వైద్యములో ముందుగా శిక్షణ లేకపోయినను వేలూరులో ఆ విభాగమునకు పంపబడి, అక్కడనే నేర్చుకొని, కుష్ఠువ్యాధి వలన కంటికి కలిగే హాని విషయములో ప్రపంచమునకు నేర్పగలిగినది. ఆమె ఆరుగురు పిల్లల తల్లి. డాక్టరు చదివిన ఆడపిల్లకు పరిశోధన ఎందుకని అడిగేవారికి ఈ సంగతి చెప్పండి.

ప్రశ్నించుట అవిశ్వాసమా?

మన విశ్వాసులలో కొందరికి ఇంకొక సందేహము కలదు. ఉన్న వైద్యమును నమ్మక, ఇది నిజమేనా అని అడుగుట మంచిదేనా అని. సువార్త వ్రాసిన లూకాను పౌలు వైద్యుడుగానే పేర్కొన్నాడు. ఆ లూకా తన సువార్త ఆరంభములోనే తాను అన్నిటిని మొదటి నుండి విచారించి, కన్నులార చూచినవారి మాటలను ఆధారము చేసికొని, క్రమముగా వ్రాయుచున్నానని తెలియజేశాడు. విచారించుట ఆయన విశ్వాసమునకు అడ్డు రాలేదు. వైద్యునికి విచారించుట స్వభావమని మాత్రము తెలుస్తున్నది.

కొత్త డాక్టర్లకు

యౌవన వైద్యులారా, ఇక మీతో కొన్ని మాటలు.

మొదటిది, హౌస్ సర్జన్సీ సంవత్సరమును తేలికగా చూడవద్దు. పి.జి. పరీక్ష పుస్తకముల మధ్య ఈ సంవత్సరము కరిగిపోతున్నది. సెలైను పెట్టుట, కాన్పు చేయుట, మరణవార్తను ఇంటివారికి మెల్లగా చెప్పుట, ఇవన్నీ నేర్చుకొనే కాలమిది. పరిశోధనకు కావలసిన ప్రశ్నలు కూడ ఈ వార్డులలోనే పుట్టును. జేబులో ఒక చిన్న నోటుపుస్తకము పెట్టుకొనండి. "ఇది ఎందుకిట్లు జరిగింది?" అని తోచిన ప్రతిసారి ఒక వరుస వ్రాసుకొనండి. రోగి పేరు వ్రాయవద్దు. సంవత్సరాంతమున చూస్తే ఒకే ప్రశ్న నాలుగైదుసార్లు కనబడవచ్చును. అదే మీ ప్రశ్న.

రెండవది, ప్రశ్న చిన్నదిగా ఉండనివ్వండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండముల వ్యాధి ఎందుకంత ఎక్కువగా ఉన్నదో ఎన్నో బృందములు వెదికినను పూర్తి జవాబు రాలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రముతో కూడిన ఆసుపత్రి ప్రారంభమైంది. అంత పెద్ద ప్రశ్నను ఒక్కడు మోయలేడు. కాని కోరుకొండ నుండి గోకవరం మీదుగా రంపచోడవరం వెళ్లే దారిలో ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో కూర్చున్నా చిన్న ప్రశ్నలు దొరుకును. పాము కాటు తగిలినవారు ఎన్ని గంటలకు వచ్చుచున్నారు? ముందుగా ఎక్కడికి వెళ్లి వచ్చుచున్నారు? ఏజెన్సీలో సికిల్ సెల్ ఉన్నదని తేలిన పిల్లలు నెలనెలా మందులకు వచ్చుచున్నారా, మానితే ఎందుకు మానుచున్నారు? వీటికి పెద్ద యంత్రములు అక్కరలేదు. శ్రద్ధగా వ్రాసిన ఒక రిజిస్టరు, లెక్కలు తెలిసిన ఒక పెద్ద చాలును. పరిశోధన అనగా ఎలుకలు, గాజు గొట్టములు మాత్రమే అనుకొనే తలిదండ్రులకు కూడ ఈ సంగతి చెప్పండి.

మూడవది, సంస్థ పేరుకంటె గురువు ముఖ్యము. వారమునకు ఒక గంట మీతో కూర్చుండి మీ కాగితములను ఎర్రసిరాతో దిద్దే గురువు చిన్న కళాశాలలో దొరికినను ఆయన యొద్దకు వెళ్లండి. రాజమండ్రిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. కాకినాడ రంగరాయ వైద్య కళాశాల 1958 నుండి ఉన్నది. గురువును వెదకుటకు ఎప్పుడును దూరదేశమే పోనక్కరలేదు.

నాలుగవది, సమయమును కేటాయించుకొనండి. రాత్రంతా డ్యూటీ చేసి తెల్లవారి ప్రయోగశాలలో కూర్చున్నవాడు రెండు చోట్లను పొరపాటు చేయును. వార్డులో పొరపాటు జరిగితే దాని ఫలితమును రోగి అనుభవించును. అందుచేతనే పెద్దదేశములు దీనికి ఏర్పాట్లు చేసినవి. అమెరికాలో వైద్యపట్టాను పిహెచ్.డి.ని కలిపి చదివించుటకు 1964లో ప్రభుత్వ సహాయముతో ఒక పథకము మొదలైంది. బ్రిటనులో కొత్త వైద్యుల రెండేండ్ల శిక్షణలో, ఎంపికైన కొందరికి నాలుగు నెలలు పరిశోధనకు విడిచిపెట్టే పద్ధతి 2005లో వచ్చింది. మన దేశములో భారత వైద్య పరిశోధనా మండలి, అనగా ఐ.సి.ఎం.ఆర్., వైద్య విద్యార్థులకు రెండు నెలల పరిశోధనకు ఉపకారవేతనము ఇచ్చే పథకమును 1979లో ప్రారంభించింది. పి.జి.లో థీసిస్ ఎలాగూ తప్పనిసరి. 2021లో చేరినవారి నుండి పి.జి. విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రులలో పనిచేయవలెనను నియమము కూడ వచ్చింది. చాలామంది దీనిని శిక్షగా తలంచుచున్నారు. ప్రశ్నలు వెదికేవానికి అది వరము.

అయిదవది, రోగి సమ్మతి. సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న రోనాల్డ్ రాస్ కూడ సైన్యములో ఉద్యోగము చేస్తున్న వైద్యుడే. ఆయన హుస్సేన్ ఖాన్ అను రోగిని దోమలచేత కుట్టించి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఆ కాలపు పద్ధతులు అవి. ఈనాడు అయితే ముందుగా ఎథిక్స్ కమిటీ అనుమతి కావలెను. రోగికి అర్థమయ్యే భాషలో సంగతి చెప్పి వ్రాతపూర్వకముగా సమ్మతి తీసికొనవలెను. వద్దన్న రోగికి వైద్యములో ఏ లోటును జరగకూడదు. చదువురాని ముసలమ్మ వేలిముద్ర వేసినది గదా అని సంతృప్తి పడక, ఆమెకు నిజముగా అర్థమైనదా అని మరల అడగండి.

ఆరవది, సత్యము. డబ్బిచ్చి థీసిస్ వ్రాయించుకొనుట, చూడని రోగిని చూచినట్లు లెక్కలో వేయుట, ఎక్కడో వచ్చిన వ్యాసమును మార్చి తనదనుట, ఇవి పట్టా సంపాదించి పెట్టవచ్చును. కాని ఆ తప్పుడు లెక్కను నమ్మి ఇంకొక ఊరిలో ఇంకొక డాక్టరు మందు వ్రాయును. దాని ఫలితమును మనకు తెలియని ఒక రోగి అనుభవించును. చేసిన ప్రయత్నము విఫలమైతే విఫలమైనదని వ్రాయండి. అది కూడ మరియొకనికి దారి చూపును.

తలిదండ్రులకు

పెద్దలారా, మీ బిడ్డ పరిశోధన చేస్తానంటే వెంటనే వద్దనవద్దు, వెంటనే సరేననవద్దు. నాలుగు ప్రశ్నలు అడగండి. నీ ప్రశ్న ఏమిటి? నీ గురువు ఎవరు? ఎన్ని సంవత్సరములు? ఆ కాలములో నీకు వచ్చే డబ్బు ఎంత? ఈ నాలుగింటికి జవాబు చెప్పగలిగిన బిడ్డ ఆలోచించే మాటలాడుచున్నాడు. చెప్పలేకపోతే ఆరు నెలలు గడువు ఇచ్చి వెదకుకొని రమ్మనండి.

తరువాత మీ లెక్క కూడ దాచక బిడ్డ ముందు పెట్టండి. అప్పు ఎంత, నెలకు కట్టవలసినది ఎంత, ఇంట్లో ముందున్న ఖర్చులేమిటి. చాలా ఇండ్లలో బిడ్డకు అప్పు సంగతి సరిగా తెలియదు, తండ్రికి బిడ్డ ఆశ సరిగా తెలియదు. కొందరు పిల్లలు ఒకటి రెండు సంవత్సరములు ఉద్యోగము చేసి, అప్పు కొంత తీర్చి, తరువాత పరిశోధనకు వెళ్లుదురు. అది ఆలస్యమే గాని నష్టము కాదు. ఆ ఉద్యోగములో చూచిన రోగులే రేపటి ప్రశ్నలను ఇత్తురు. పెండ్లి సంబంధము చూచునప్పుడు కూడ ఈ సంగతి ముందుగా అవతలివారికి చెప్పండి. "మా అమ్మాయి మరి మూడేండ్లు పరిశోధనలో ఉంటుందండి" అని ముందే చెప్పితే తరువాత కన్నీళ్లు తప్పును. దూరదేశము వెళ్లవలసివస్తే, ఎప్పుడు తిరిగివచ్చునో, లేక భార్యాభర్తలిద్దరు కలిసి వెళ్లుదురో ముందుగా నిర్ణయించుకొని వెళ్లవలెను. శేషగిరి గారివలె ఎదురుచూచుట ఏ ఇల్లాలికిని రాకూడదని మా ప్రార్థన.

సంఘములకు

చివరగా సంఘపెద్దలకు ఒక మనవి. కాకినాడ ధర్మసంస్థను మరల జ్ఞాపకము చేసికొనండి. మన సంఘములు వైద్యము చదివే పిల్లలకు ఫీజు సహాయము చేయుచున్నవి, మంచిదే. పట్టా వచ్చిన తరువాత, జీతము తక్కువగా ఉండే ఆ ఒకటి రెండు సంవత్సరములలో కూడ చిన్న సహాయము అందితే, ఒక మంచి ప్రశ్న మధ్యలో ఆగిపోకుండును. లెక్కలు చెప్పవలెనను షరతుతోనే ఇవ్వండి.

డబ్బులేని సంఘము కూడ చేయగలిగినది ఉన్నది. బోదకాలు మాత్రలు ఇంటికి తెచ్చినప్పుడు వాటిని కిటికీలో దాచక సిబ్బంది యెదుటనే మ్రింగుడి. చిన్నపిల్లలకు, గర్భవతులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఎవరికి ఇవ్వకూడదో వారే చెప్పుదురు. సర్వే కొరకు, రక్తపరీక్ష కొరకు ఆరోగ్య సిబ్బంది వచ్చినప్పుడు, ఎందుకని అడిగి తెలుసుకొని, మనస్ఫూర్తిగా సహకరించండి. పరిశోధనలో మనము ఇచ్చే చుక్క రక్తము, చెప్పే నిజమైన జవాబు కూడ ఒక పాలే.

ఈ నెలలో మీ ఇంట కొత్త డాక్టరు ఉన్నట్లయితే, ఒక సాయంకాలము టీవీ కట్టి, ఫోన్లు పక్కనపెట్టి, "నీ నోటుపుస్తకములో ఏమి ప్రశ్నలున్నవి?" అని అడిగి చూడండి. వైద్యము తెలియకపోయినను వినుట మనకు తెలుసు గదా. విన్న తరువాత మీ లెక్క మీరు చెప్పండి. రెండును ఒకే బల్లమీదకు వచ్చిన ఇంటిలో నిర్ణయము తేలిక అగును.

ప్రభువు మీ బిడ్డల చేతులకు నేర్పును, కన్నులకు ఓర్పును, మీ గృహములకు సమాధానమును దయచేయును గాక.